చీటీ మీద లేని పేరు

(2025 సెప్టెంబరు 25 సాయంత్రం శ్రీకాకుళంలో, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఐదో వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక మాట్లాడిన మాస్టారు బాలుగారి గమకాల గురించీ, రాగాల గురించీ చాలా బాగా చెప్పారు. నాకు సంగీతం రాదు. అయినా నన్ను మాట్లాడమన్నారంటే కారణం ఒక్కటే. 1985 నుంచి ఓ పదిహేడు పద్దెనిమిదేళ్లు ఈ ఊళ్లో క్యాసెట్లు రికార్డు చేసి బతికాను. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి పాలకొండ రోడ్డులోకి తిరిగాక ఎడం చేతి వైపు, పదడుగుల గది. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ మెట్టు ఎక్కినవాళ్లే. మొహాలు చూస్తుంటే ఎవరు ఏ పాట అడిగారో కూడా కొన్ని గుర్తొస్తున్నాయి.

పిల్లలు కూడా వచ్చారు కాబట్టి ఆ పని ఎలా ఉండేదో ముందు కాస్త చెప్తాను. మీకు కావలసిన పాటలు ఒక చీటీ మీద రాసుకుని వచ్చేవారు. నోటు పుస్తకంలో చింపిన కాగితం, బస్సు టికెట్టు వెనక, పెళ్లి శుభలేఖ వెనక, ఏది దొరికితే అది. ఆ చీటీ తీసుకుని, వెనకాల పేరు రాసుకుని, ఊచకు గుచ్చేవాణ్ని. ఫలానా రోజు రమ్మనేవాణ్ని. అరవై క్యాసెట్టంటే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. పాట నాలుగున్నర నిమిషాలు వేసుకుంటే ఆరు పాటలు పడతాయి, చిన్న పాటలైతే ఏడు. తొంభై క్యాసెట్టైతే ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలు. చీటీలో రాసిన వరసలోనే ఎక్కించేస్తే చివరి పాట సగంలో టేపు అయిపోతుంది. పల్లవి అయిపోయి, చరణం అందుకునే చోట టక్కుమని ఆగుతుంది. వినేవాడికి అది ముద్ద నోటి దాకా వచ్చి జారిపోయినట్టుంటుంది. అందుకని పెద్ద పాట పక్కన చిన్న పాట పెట్టి, నిమిషాలు కూడుకుని, పాట తెగకుండా సర్దాలి. ఆ లెక్క నేను తప్పనిచ్చేవాణ్ని కాదు.

రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరును డబుల్ డెక్కు అనేవాళ్లం. అందులో హైస్పీడ్ అని ఒక మీట ఉండేది. అది నొక్కితే గంట పని అరగంటలో అయిపోతుంది. కానీ అలా చేసిన క్యాసెట్లో గొంతు మొద్దుబారుతుంది. గజ్జెలు, వేణువు, "స" అనే అక్షరం, ఇవన్నీ దుప్పటి కప్పుకున్నట్టు వినబడతాయి. నాకది నచ్చేది కాదు. మామూలు స్పీడులోనే ఎక్కించేవాణ్ని. అంటే ఏమిటి? మీరు అడిగిన ప్రతి పాటా నేను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నానన్నమాట. పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పది దాకా, పద్దెనిమిదేళ్లు. ఒకే పాట ఒకే రోజు నాలుగు సార్లు విన్న రోజులున్నాయి. ఇష్టపడి వినడం వేరు, పనిగా వినడం వేరు. పనిగా విన్నప్పుడు ఎంత మంచి పాటైనా ఎక్కడో ఒకచోట విసుగొస్తుంది. బాలుగారి పాట దగ్గర నాకు ఆ విసుగు రాలేదు. ఎందుకు రాలేదో చాలా ఏళ్లు నాకు తెలియలేదు. ఇవాళ చెప్పాలనుకున్నది అదే.

ముందు ఒక చిన్న సంగతి చెప్తాను. రికార్డు మీట, పాజ్ మీట రెండూ నొక్కి పెట్టుకుని, అవతలి డెక్కులో పాట మొదలయ్యే చోట పాజ్ వదలాలి. క్షణం ముందు వదిలితే వెనకటి పాట తోక పడుతుంది. క్షణం ఆలస్యమైతే మొదటి అక్షరం పోతుంది. వాయిద్యంతో మొదలయ్యే పాటకు ఇబ్బంది లేదు. కొన్ని పాటలు వట్టి గొంతుతో మొదలవుతాయి. అలాంటి చోట, గొంతు రావడానికి ముందు, చెవి పెట్టి వింటే ఒక చిన్న చప్పుడు ఉంటుంది. ఊపిరి తీసుకునే చప్పుడు. చాలా షాపుల్లో అది కోసేసేవారు. పాట అక్షరంతో మొదలవుతుంది కదా, గాలెందుకు అని. నేను ఉంచేవాణ్ని. అలవాటు పడ్డాక నా బొటనవేలికే తెలిసిపోయేది ఎక్కడ వదలాలో. ఎందుకు ఉంచేవాణ్నంటే, ఆ ఊపిరిలోనే పాట ఏ రకమైనదో తెలిసిపోతుంది. ఏడుపు పాటకు తీసుకునే ఊపిరి వేరు, అల్లరి పాటకు తీసుకునేది వేరు. ఇంకా ఒక్క మాట కూడా పాడలేదు, ఆ మనిషి అప్పటికే పాత్రలోకి వెళ్లిపోయాడు.

సరే, చీటీల దగ్గరకు వస్తాను.

ఊచ నిండిపోయాక చీటీలు తీసి రేకు పెట్టెలో వేసేవాణ్ని. పారెయ్యలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా ఇంటి వెనక గది కారి సగం చీటీలు ముద్దయిపోయాయి. మిగిలిన సగం ఉన్నాయి. బాలుగారు పోయిన వారానికి ఆ పెట్టె దించి, నేల మీద పోసుకుని, ఒక్కొక్కటే చదివాను. చదువుతూ ఉంటే ఒళ్లు జలదరించింది.

ఆ చీటీల మీద ఆయన పేరు లేదు.

"కృష్ణ పాటలు." "శోభన్ బాబు, మంచివి." "చిరంజీవి ఫాస్ట్ బీట్." "కమల్ హాసన్ విషాదం." "నాగేశ్వర్రావు ముసలప్పటివి." "బాలకృష్ణ." "వెంకటేష్ కొత్తది." "అయ్యప్ప పాటలు, మాల వేస్తున్నాం, అర్జెంటు." ఒక చీటీ మీద పన్నెండు పాటలుంటే పది బాలుగారివే. కానీ పైన రాసిన పేరు హీరోది. ఘంటసాల పాటలు కావాలని అడిగేవారు. పాత సుశీల, జానకి అని అడిగేవారు. బాలు పాటలు కావాలని నన్నడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే ఆయన మీద ప్రేమ లేక కాదు. మనం గాలి కావాలని అడుగుతామా? అలాగన్నమాట. పాటంటేనే ఆ గొంతు అయిపోయింది. ఆ గొంతుకు ఒక మనిషి ఉన్నాడని, ఆయన ఎక్కడో మద్రాసులో పొద్దున్నే లేచి, గొంతు సవరించుకుని, ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకి పరుగెత్తుతున్నాడని మనకు తోచేది కాదు.

ఆయన కూడా తోచనిచ్చేవాడు కాదు. అదీ నేను చెప్పాలనుకున్నది. ఆయన పాటలో ఆయన కనబడడు.

దీనికొక ఉదాహరణ. 1976లో "మనుషులంతా ఒక్కటే" అని సినిమా వచ్చింది. అందులో అల్లు రామలింగయ్యగారికి ఒక పాట ఉంది, బాలుగారు సుశీలమ్మతో కలిసి పాడారు. ఆమదాలవలస నుంచి ఒక రైతు ఆ పాట కోసం వచ్చాడు. నేను మాటవరసకి "బాలు భలే పాడాడు కదా" అన్నాను. ఆయనకు కోపం వచ్చేసింది. "బాలేటి బావూ, అది రామలింగయ్యే పాడినాడు, నాను సినిమాలో సూసినాను కాదేటి" అన్నాడు. రికార్డు కవరు తీసి పేరు చూపించాను. చదువు రాదాయనకు. పక్కనున్న కుర్రాడు చదివి చెప్పినా నమ్మలేదు. "అచ్చేసినోడు తప్పేసినాడు" అనేసి క్యాసెట్టు పట్టుకుని వెళ్లిపోయాడు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఒక గాయకుడికి అంతకంటే పెద్ద సన్మానం ఎవరు చేయగలరు? ఆ రైతు కంటికి రామలింగయ్యగారి పెదవులూ, బాలుగారి గొంతూ ఒకే మనిషివి.

ఆ సినిమాకు సంగీతం ఎవరనుకున్నారు? సాలూరు రాజేశ్వరరావుగారు. సాలూరు దగ్గర శివరామపురం ఆయనది. ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను, ఏమీ అనుకోకండి, ఈ మాట ఈ జిల్లాల్లో కాకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాం. బాలుగారు నెల్లూరు జిల్లా వారు. 1946 జూన్ 4న పుట్టారు. నాన్నగారు సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. కొడుకు ఇంజినీరు కావాలని చేరితే పాట వచ్చి ఎత్తుకుపోయింది. గూడూరులో పాటల పోటీకి జానకమ్మ అతిథిగా వచ్చి, ఈ అబ్బాయికి రెండో బహుమతేమిటి, సినిమాల్లో పాడాల్సిన గొంతు అన్నారు. సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణిగారు పట్టుకుని పాడించారు. 1966 డిసెంబరు 15న మొదటి పాట రికార్డయింది. ఆ సినిమా "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న". ఆ పాటలో ఆయన పక్కన పాడినవాళ్లలో ఒకరు సుశీలమ్మ. సుశీలమ్మ ఎవరు? విజయనగరం ఆడపడుచు. మహారాజావారి సంగీత కళాశాలలో చదువుకున్న పిల్ల. ఇరవై ఏళ్ల కుర్రాడు వణుకుతూ మైకు ముందు నిలబడితే పక్కన నిలబడ్డది మన అమ్మాయి.

ఆ తర్వాత 1969లో "ఏకవీర" సినిమాలో ఘంటసాలగారితో కలిసి పాడారు. ఘంటసాలగారు కృష్ణా జిల్లాలో పుట్టినా ఆయనకు పాట వచ్చింది విజయనగరంలో. జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నారు. ఆయన అన్నం పెట్టి చదువు చెప్పిన గురువు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారు పోయారు. ఆ గొంతు పోయాక తెలుగు సినిమాకు ఇంక పాటెక్కడిదని జనం అనుకుంటున్న రోజుల్లో ఆ భారం ఎత్తుకున్నవాడు బాలుగారు. కాబట్టి ఆయన నెల్లూరు వారైనా మనకు పరాయివారు కాదు. విజయనగరం పిల్ల పక్కన నిలబెట్టుకుంది. విజయనగరంలో చదువుకున్నాయన తన పక్కన పాడనిచ్చాడు. సాలూరాయన బాణీలిచ్చాడు. అంతే, మళ్లీ దారిలోకొస్తాను.

కనబడకపోవడం అన్నాను. 1997లో "అన్నమయ్య" వచ్చింది. ఆ ఏడాది నా షాపులో ఆ క్యాసెట్టు తప్ప ఇంకోటి మోగినట్టు గుర్తులేదు. అందులో నాగార్జునగారికి పాటలు పాడింది బాలుగారు. ఇది అందరికీ తెలుసు. వేంకటేశ్వరస్వామిగా వేసిన సుమన్‌గారికి మాట చెప్పింది ఎవరు? అదీ బాలుగారే. డబ్బింగుకు నంది అవార్డు కూడా వచ్చింది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి షాపు కట్టేసి ఇంటికెళ్తూ నాగావళి వంతెన మీద సైకిలు దిగి నిలబడిపోయాను. భక్తుడు పాడుతున్నాడు, దేవుడు బదులిస్తున్నాడు, ఇద్దరి గొంతూ ఒకటే. సినిమా అంతా చూసి ఒక్కరం కూడా పట్టుకోలేకపోయాం. భక్తుడి గొంతులో ఆర్తి ఉంది, దేవుడి గొంతులో నిదానం ఉంది. అంతే తేడా. ఆ ఒక్క తేడాతో ఇద్దరు మనుషుల్ని చేశాడాయన. కాదు, ఒక మనిషినీ ఒక దేవుణ్నీ చేశాడు.

డబ్బింగు అంటే గుర్తొచ్చింది. తెలుగులో కమల్ హాసన్‌గారి మాటంటే మనకు బాలుగారి మాటే. 2008లో "దశావతారం" వస్తే తెలుగులో పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారు. గాంధీ మీద వచ్చిన ఇంగ్లీషు సినిమాను తెలుగు చేస్తే, గాంధీగా వేసిన బెన్ కింగ్‌స్లీకి గొంతిచ్చిందీ ఆయనే. మరి ఇంతమందిలో బాలు ఏరీ అని వెతికితే దొరకడు.

"శంకరాభరణం" సంగతి మాస్టారు చెప్పేశారు కనుక నేను ఎక్కువ చెప్పను. శాస్త్రీయంగా నేర్చుకోని నేను ఈ పాటలు పాడలేనని ఆయన వెనకడుగు వేస్తే, కేవీ మహదేవన్‌గారి సహాయకుడు పుహళేందిగారు పట్టుబట్టి నేర్పించారు. జాతీయ అవార్డు వచ్చింది. ఆయనకు వచ్చిన ఆరు జాతీయ అవార్డుల్లో అది మొదటిది. నేర్చుకున్నవాడిలా కనబడ్డాడు చూడండి, అదీ ఆ కనబడకపోవడంలో భాగమే.

ఇంకొక్క అవార్డు గురించి మాత్రం చెప్పాలి, అది మన శ్రీకాకుళం వాళ్లకు సంబంధించింది కాబట్టి. "ఏక్ దూజే కే లియే", 1981. హిందీ. దక్షిణాది గాయకుడు హిందీ పాటకు న్యాయం చేయగలడా అని సంగీత దర్శకులు మొదట సందేహించారు. ఆ కథలో హీరో కూడా దక్షిణాది కుర్రాడే, హిందీ సరిగ్గా రానివాడే, ఆ యాస ఉంటేనే అందం అని దర్శకుడు బాలచందర్‌గారు పట్టుబట్టారు. పాడారు, జాతీయ అవార్డు వచ్చింది. ఈ సంగతి చదివిన రోజు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే మన యాస సినిమాలో వినబడితే అది ఎవరి నోట వినబడుతుంది? నవ్వించే పాత్ర నోట. పనివాడి నోట. నేను కుర్రతనంలో వైజాగులో ఒక చోట పనిలో చేరితే, "ఎల్తాను" అన్నందుకు ఒకాయన నెల రోజులు నన్ను ఆ మాటతోనే పిలిచాడు. నోరు విప్పాలంటే భయమేసేది. యాస ఉన్నవాడికి కూడా ప్రేమ ఉంటుంది, ఏడుపు ఉంటుంది, అది పాడితే దేశమంతా వింటుందని ఆయన పాట చెప్పింది. ఆయనేమీ ఆ మాట చెప్పడానికి పాడలేదు, పాత్రకు తగ్గట్టు పాడాడు. నాకు మాత్రం అలా చేరింది.

ఉచ్చారణ విషయంలో ఆయన చాలా గట్టిగా ఉండేవారు కదా అంటున్నారు అక్కడ ఒకావిడ. అవునమ్మా, మీరన్నది నిజమే. "పాడుతా తీయగా"లో ఉచ్చారణ దగ్గర ఆయన పిల్లల్ని వదిలేవారు కాదు. శ, ష, స వేరువేరుగా పలకాలనేవారు. మా పక్కింటి పిల్ల ఆ కార్యక్రమం చూసి, అద్దం ముందు నిలబడి "శశి, శశి" అని పలకడం నేర్చుకుంది. ఇంట్లో వాళ్ల నాన్నమ్మతో మాత్రం "సందమామ" అనే అనేది. దేని చోటు దానిదని ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. 1996లో మొదలుపెట్టి అన్నేళ్లు ఆ కార్యక్రమం నడిపారు కదా, ఒక్కసారైనా తన పాట గొప్ప అని చెప్పుకున్నారా? రాసినాయన ఎవరు, బాణీ కట్టినాయన ఎవరు, వేణువు వాయించినాయన ఎవరు, ఇదే చెప్పేవారు. తన స్టూడియోకు కూడా కోదండపాణిగారి పేరే పెట్టుకున్నారు.

ఇప్పుడు నాకు చెప్పడానికి కష్టంగా ఉన్న మాట ఒకటుంది. చెప్పకుండా ఈ సభ నుంచి దిగిపోతే నాకు నిద్ర పట్టదు.

నేను చేసిన ఆ క్యాసెట్ల వ్యాపారంలో ఎవరి అనుమతీ లేదు. ఒక ఒరిజినల్ కొని దాని మీంచి వందలు ఎక్కించాను. ఊళ్లో ఆ పని చేసేవాళ్లందరూ అంతే. అది తప్పని అప్పుడు మాకు తోచలేదు. పాటంటే బావిలో నీళ్లలాంటిదనుకున్నాం, తోడుకున్నవాడికి తోడుకున్నంత. 2012లో కాపీరైటు చట్టం మారి గాయకులకు కూడా తమ పాట మీద రాయల్టీ హక్కు వచ్చింది. ఆ హక్కు కోసం గాయకులంతా కలిసి పెట్టుకున్న సంఘంలో బాలుగారు ముందు వరసలో నిలబడ్డారు. పేపర్లో ఆ వార్త చదివి, పేపరు మడిచి, చాలాసేపు ఊరికే కూర్చున్నాను. చీటీ మీద ఆయన పేరు లేనట్టే నా గల్లాపెట్టెలో ఆయన వాటా కూడా లేదు. మా అమ్మాయి చదువు, మా ఇంటి స్లాబు, చాలావరకు ఆ గొంతు మీదే నడిచాయి. ఆయనను కలిస్తే కాళ్లకు దండం పెట్టి ఈ మాట చెప్పాలనుకున్నాను. కలవలేదు. ఇవాళ మీ అందరి ముందూ చెప్తున్నాను.

ఇక ఆ సంవత్సరం. 2020.

క్యాసెట్లు ఎప్పుడో పోయాయి. సీడీలు వచ్చాయి, అవీ పోయాయి. నా షాపు జిరాక్సు, రీఛార్జి షాపయింది. డెక్కులు అటక మీదికెక్కాయి. ఆగస్టు 5న బాలుగారు ఫోన్లో తీసుకున్న వీడియో వచ్చింది మీ అందరికీ గుర్తుందా? కొంచెం జలుబు, జ్వరం, కరోనా అన్నారు, ఏం భయం లేదు, ఎవరూ కంగారుపడి ఫోన్లు చెయ్యొద్దు, రెండు రోజుల్లో వచ్చేస్తాను అన్నారు. మనం కూడా వచ్చేస్తారనే అనుకున్నాం. 13వ తేదీ రాత్రికి పరిస్థితి విషమించిందన్నారు. తర్వాత వెంటిలేటరు, ఎక్మో. ఎక్మో అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఊపిరితిత్తులు చేయాల్సిన పని మిషను చేస్తుంది. రక్తాన్ని బయటికి తీసుకుని, ప్రాణవాయువు కలిపి, మళ్లీ ఒంట్లోకి పంపిస్తుంది. ఎవరి ఊపిరి చప్పుడు కోయకుండా నేను పద్దెనిమిదేళ్లు బొటనవేలితో కాపాడానో, ఆ మనిషికి ఊపిరి మిషను తీస్తోంది. ఆ మాట టీవీలో వింటుంటే తట్టుకోలేక లేచి వెళ్లిపోయేవాణ్ని. మళ్లీ వచ్చి కూర్చునేవాణ్ని. సాయంత్రమైతే ఆయన కొడుకు చరణ్‌గారు ఏం చెప్తారా అని ఎదురు చూడటం. మా ఇంటావిడ అరసవల్లి స్వామికి మొక్కుకుంది.

సెప్టెంబరు 25, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటి గంట దాటాక పోయారు.

ఆ సాయంత్రం నేను షాపు షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను. ఏడున్నరకు ఎవరో తట్టారు. మాస్కు, తలపాగా. గుర్తుపట్టలేదు. మాట విన్నాక గుర్తుపట్టాను. లారీ డ్రైవరు. సాలూరు లారీల మీద ఘాట్ రోడ్డెక్కి రాయపూర్ వైపు తిరిగేవాడు. తొంభైల్లో నాకు ఖాతాదారు. ఆయన చీటీ మిగతావాళ్ల చీటీల్లాంటిది కాదు. ఒక వైపు "ఎల్లినప్పుడు" అని, రెండో వైపు "వచ్చినప్పుడు" అని రాసి, కింద పాటలు రాసేవాడు. వెళ్లేటప్పుడు నిద్ర రాకూడదు, కాబట్టి హుషారు పాటలు. వచ్చేటప్పుడు ఇంటి మీద ధ్యాస, కాబట్టి మెల్లటి పాటలు. ఎ వైపు, బి వైపు. రెండు వైపులా కలిపి పద్దెనిమిది పాటలు, ఒకటి రెండు తప్ప అన్నీ బాలుగారివే. చీటీ మీద ఆ పేరు మాత్రం ఎప్పుడూ రాయలేదు.

జేబులోంచి ఆ క్యాసెట్టు తీశాడు. పెట్టె పగిలింది, దారం కట్టి ఉంది. "మా ఇంట్లో టేప్ రికార్డరు నేదు బావూ. ఓపాలి ఎయ్యవా, రెండో వైపు" అన్నాడు.

అటక మీంచి డెక్కు దించాను. ప్లగ్గు పెడితే దీపం వెలిగింది, చక్రం మాత్రం తిరగలేదు. మూత విప్పి చూస్తే లోపల బెల్టు కరిగి తారులాగా అయిపోయింది. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ రబ్బరు అలాగే అవుతుంది. శానిటైజరు దూది మీద పోసి ఆ జిగురంతా తుడిచాను. హెడ్డు కూడా తుడిచాను. బెల్టు ఎక్కడ దొరుకుతుంది ఆ రాత్రి? నోట్ల కట్టకు వేసే రబ్బరు బ్యాండు తీసి చక్రానికి తగిలించాను. తిరిగింది.

బుస్సుమని టేపు చప్పుడు. తర్వాత పాట.

రబ్బరు బ్యాండు బిగువు సమంగా ఉండదు కదా. స్పీడు ఎక్కుతోంది, తగ్గుతోంది. గొంతు ఊగుతోంది. పైకి పోయి, కిందికి జారి, వంకర్లు పోతోంది. పద్దెనిమిదేళ్లు విన్నాను, బాలుగారి శ్రుతి తప్పడం అదే మొదటిసారి వినడం. తప్పు ఆయనది కాదని తెలుసు, నా రబ్బరు బ్యాండుదని తెలుసు. అయినా, ఆ రోజు, ఆ పూట వినలేకపోయాను. ఆ డ్రైవరు పల్లవి కూడా పూర్తి కానివ్వలేదు. చెయ్యి ఊపి, "ఆపీ బావూ. ఆయన గొంతు అలాగుండదు" అన్నాడు.

ఆపేశాను. ఇద్దరం మాట్లాడకుండా కాసేపు కూర్చున్నాం. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "పేరేటన్నారు, బాలసుబ్రమన్నెం. అన్నీ ఆయనేనేటి?" అని అడిగాడు. కృష్ణవీ, శోభన్ బాబువీ, చిరంజీవివీ, నాగేశ్వర్రావువీ, అన్నీ ఆయనేనా అని. అన్నీ ఆయనే అన్నాను. "మరి ఇన్నాళ్లూ నా పక్కన సీట్లో కూకున్నోడు ఒక్కడేనన్నమాట" అన్నాడు.

ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

తర్వాత వైజాగు మనిషితో చెప్పి సరైన కొలత బెల్టు తెప్పించాను. డెక్కు బాగైంది. బాలుగారికి పద్మవిభూషణ్ ప్రకటించిన రోజు వేశాను. ప్రతి ఏడాదీ ఈ రోజు వేస్తాను. ఇవాళ ఆ డెక్కు తెచ్చాను, ఈ బల్ల మీద ఉన్నది అదే. క్యాసెట్టు కూడా అదే. ఆ డ్రైవరుగారు కూడా వచ్చారు, రెండో వరసలో చివర కూర్చున్నారు. పేరు చెప్పొద్దన్నారు. ఇవాళ పొద్దున్న క్యాసెట్టు నా చేతిలో పెడుతూ లోపలి అట్ట చూపించారు. "వచ్చినప్పుడు" అని రాసిన దాని పక్కన, కొత్త పెన్నుతో, వంకర అక్షరాలతో "బాలు" అని రాసి ఉంది.

రెండో వైపు పెట్టాను. ఆ ఫ్యాను ఒక్క నిమిషం ఆపుతారా? ముందు కొంచెం బుస్సుమంటుంది, అది టేపు. తర్వాత ఒక చిన్న చప్పుడు వస్తుంది, చెవి పెట్టి వినండి, అది ఆయన ఊపిరి. ఆ తర్వాత పాట.